పక్కవాద్యం నేర్పిన విద్య: హ్యాంక్ జోన్స్, పాత పాటల పియానో

జాజ్ పియానో చరిత్రలో హ్యాంక్ జోన్స్ (1918–2010) స్థానం విలక్షణమైనది. అరవై ఏళ్లకు మించి సాగిన వృత్తిజీవితంలో ఆయన తన కాలపు ప్రసిద్ధ గాయకులకు, వాద్యకారులకు ఎందరికో తోడుగా వాయించారు. అయినా ఆయన పేరు సామాన్య శ్రోతకు స్ఫురించేది ఆ గాయకుల, వాద్యకారుల పేర్ల తరువాతే. విమర్శకులు ఆయన వాదనను సౌమ్యమనీ, సంస్కారవంతమనీ మెచ్చుకున్నప్పుడు కూడా, ఆ మెప్పులో కొత్త దారి తొక్కినవారికిచ్చే గౌరవం కంటే, అప్పగించిన పనిని లోపం లేకుండా చేసినవారికిచ్చే గౌరవమే ఎక్కువగా కనిపిస్తుంది. పక్కవాద్యం ఆయన ప్రతిభను మరుగుపరచిందన్న అభిప్రాయం దీని వెనుక ఉంది. ఈ ఉపన్యాసం దానికి భిన్నమైన వాదాన్ని ముందుంచుతుంది: జోన్స్ ఏకవాదనలో వినిపించే అత్యున్నత గుణం, అంటే పాత పాటను పాటగా నిలబెట్టగల శక్తి, ఆయనకు పక్కవాద్యంలోనే అబ్బింది, ఆ ఏళ్లు లేకపోతే ఆయన మరొక వేగవంతమైన పియానిస్టుగా మిగిలి ఉండేవారు.

ఈ చర్చకు ముందు 'స్టాండర్డ్' అన్న మాటను వివరించుకోవాలి. 1920ల నుంచి 1950ల వరకు అమెరికాలో బ్రాడ్వే సంగీత నాటకాల కోసమూ, హాలీవుడ్ చిత్రాల కోసమూ, పాటల ప్రచురణకర్తల కోసమూ వేలాది పాటలు తయారయ్యాయి. న్యూయార్క్ నగరంలో 28వ వీధి పరిసరాల్లో మొదట నెలకొన్న ఆ ప్రచురణ వ్యాపారానికి టిన్ పాన్ ఆలీ అన్న పేరు స్థిరపడింది. జెరోమ్ కెర్న్, జార్జ్ గెర్ష్విన్, రిచర్డ్ రాడ్జర్స్, కోల్ పోర్టర్ వంటివారు స్వరపరచిన ఆ పాటల్లో అత్యధికం తమ నాటకాలతోనే మరుగున పడిపోగా, వాద్యకారులు మళ్లీ మళ్లీ ఎత్తుకొని వాయించడం వల్ల కొన్ని వందలు మాత్రం ఉమ్మడి సొత్తుగా మిగిలాయి. ఇద్దరు అపరిచిత జాజ్ వాద్యకారులు ఏ సాధనా లేకుండా ఒకే వేదిక ఎక్కినా కలిసి వాయించగలిగే పాటనే స్టాండర్డ్ అంటారు. కెర్న్ స్వరపరచగా ఆస్కార్ హామర్‌స్టైన్ సాహిత్యం రాసిన 'ఆల్ ద థింగ్స్ యు ఆర్' ఇందుకు మంచి ఉదాహరణ. 1939లో అది చోటుచేసుకున్న 'వెరీ వార్మ్ ఫర్ మే' అనే నాటకం బ్రాడ్వేలో 59 ప్రదర్శనలతో ఆగిపోయింది, పాట మాత్రం ఎనభై ఏళ్లు దాటినా వాద్యకారుల చేతుల్లో ఉంది.

ఈ పాటల్లో ఎక్కువ భాగానికి 32 బార్ల కొలత ఉంటుంది. బార్ అంటే తాళంలో ఒక చిన్న ఆవర్తం వంటిది, ఇక్కడ సాధారణంగా నాలుగు లెక్కలు. ఎనిమిది బార్ల వరుస రెండు సార్లు వచ్చాక, వేరే వరుసలో ఎనిమిది బార్ల మధ్యభాగం వచ్చి, తిరిగి మొదటి వరుసతో పాట ముగుస్తుంది. ఆ మధ్యభాగాన్ని బ్రిడ్జ్ అంటారు. వరుస కింద కార్డ్‌ల క్రమం నడుస్తుంది. కార్డ్ అంటే ఒకేసారి మోగే మూడు, నాలుగు లేదా అంతకు మించిన స్వరాల సమూహం. మన సినిమా వాద్యబృందాలకు ఈ మాట చిరపరిచితమే. జాజ్ వాద్యకారుడు మనోధర్మం మొదలుపెట్టినప్పుడు సాధారణంగా పాట వరుసను వదిలేస్తాడు, కార్డ్‌ల క్రమాన్నీ బార్ల లెక్కనూ మాత్రం వదలడు, ఆ చట్రంలో కొత్త వరుసను అల్లుతాడు. అమెరికా కాపీరైటు ఆచరణలో వరుసకూ సాహిత్యానికీ రక్షణ ఉన్నంతగా కార్డ్‌ల క్రమానికి లేకపోవడంతో, 1940లలో ఎందరో వాద్యకారులు గెర్ష్విన్ రచించిన 'ఐ గాట్ రిథమ్' చట్రం మీద కొత్త వరుసలు కట్టి, కొత్త పేర్లు పెట్టుకున్నారు.

కర్ణాటక సంగీత శ్రోతకు ఇక్కడ ఒక భేదం వెంటనే తోచవచ్చు. నెరవల్‌లో గాయకుడు సాహిత్యంలోని ఒక పంక్తిని పట్టుకొని, అక్షరాలు తాళంలో తమ స్థానం తప్పకుండా, స్వరగతిని మాత్రం మార్చుకుంటూ పోతాడు; అంటే అక్కడ మాట లంగరు. జాజ్‌లో లంగరు కార్డ్‌ల క్రమం, మాటను మొట్టమొదటే వదిలేస్తారు. ఈ రెండు సంప్రదాయాలను పోల్చి ఒకదానిని ఎక్కువ చేయవలసిన అవసరం లేదు గాని, జోన్స్ ప్రత్యేకతను గుర్తించడానికి ఈ భేదం పనికివస్తుంది, ఎందుకంటే మాట వదిలేసిన ఈ సంప్రదాయంలో ఆయన మాటను మరచిపోకుండా వాయించిన అరుదైన పియానిస్టు.

హెన్రీ జోన్స్ 1918 జూలై 31న మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో జన్మించారు. హ్యాంక్ అన్నది హెన్రీకి వాడుకలో ఉన్న ముద్దుపేరు. తండ్రి కలప నాణ్యతను పరీక్షించే ఉద్యోగి, బాప్టిస్టు చర్చిలో డీకన్, అంటే సంఘ కార్యాలు చూసే పెద్ద. కుటుంబం ఉత్తరాన మిషిగన్ రాష్ట్రంలోని కార్ల పట్టణమైన పాంటియాక్‌కు తరలిపోగా, జోన్స్ అక్కడే పెరిగారు. ఆ ఇంటి నుంచి జాజ్‌కు ముగ్గురు దిగ్గజాలు వచ్చారు: పెద్దవాడు హ్యాంక్, ట్రంపెట్ వాద్యకారుడూ స్వరకర్తా అయిన థాడ్ (1923–1986), సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కాల్‌ట్రేన్ బృందంలో డ్రమ్స్ వాయించి ఆ వాద్యపు పరిధినే విస్తరింపజేసిన ఎల్విన్ (1927–2004). పదమూడేళ్ల ప్రాయానికే హ్యాంక్ మిషిగన్, ఒహైయో రాష్ట్రాల్లోని బృందాలతో కచేరీలు చేస్తున్నారు.

ఆ వయసులో ఆయన చెవి ఎవరి మీద నిలిచిందన్నది తరువాతి కథకు మూలం. ఫ్యాట్స్ వాలర్ వాయించిన 'స్ట్రైడ్' పద్ధతిలో ఎడమచెయ్యి ఒక లెక్కకు కింది మెట్ల మీద మంద్రస్వరాన్ని, మరుసటి లెక్కకు నడిమి మెట్ల మీద కార్డ్‌ను వాయిస్తూ అంగలు వేస్తుంది కాబట్టి ఆ పియానో ఒంటరిగానే వాద్యబృందంలా మోగుతుంది. ఎర్ల్ హైన్స్ కుడిచేతిని ట్రంపెట్ వరుసలా పలికించారు. టెడ్డీ విల్సన్ ఆ బరువును తగ్గించి, ఎడమచేతిని మెల్లగా నడిపించి, ప్రతి స్వరాన్నీ విడివిడిగా, స్పష్టంగా వినిపించారు. వీరందరికీ మించి ఆర్ట్ టేటమ్ ఒకే పాట కింద పాత కార్డ్‌లకు బదులు ఊహించని కార్డ్‌లను పేర్చి, పాట అందులోనే మళ్లీ పుట్టినట్టు చేశారు. జోన్స్ ఈ నలుగురి నుంచీ తీసుకున్నారు, అయితే టేటమ్ నుంచి తీసుకున్నది ఆ జలపాతం వంటి వేగాన్ని కాదు, కార్డ్‌ల జ్ఞానాన్ని. విల్సన్ నుంచి తీసుకున్నది స్పర్శను. పియానో మెట్టును గట్టిగా మోదకుండా, లోపల సుత్తి తీగను తాకే క్షణం తెలుసుకొని నొక్కినట్టు ఉండే ఆ స్పర్శ, చివరి రికార్డు వరకు ఆయన సంతకంగా నిలిచింది.

1944లో ఆయన న్యూయార్క్ చేరి, 52వ వీధిలోని ఆనిక్స్ క్లబ్‌లో ట్రంపెట్ వాద్యకారుడు హాట్ లిప్స్ పేజ్ బృందంలో కుదురుకున్నారు. అప్పుడే ఆ నగరంలో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ తదితరులు బీబాప్ అనే కొత్త శైలికి రూపమిస్తున్నారు. వేగవంతమైన నడక, వంపులు తిరిగే వరుసలు, కార్డ్‌ల పై అంచుల్లో ఉండే స్వరాలను ఏరుకోవడం దాని లక్షణాలు. ఇరవై ఆరేళ్ల వయసులో, అప్పటికే పాత శైలి చేతివేళ్లలో ఇంకిపోయిన పియానిస్టుకు ఇది పరీక్ష. ఆయన తరంవారిలో కొందరు కొత్తదాన్ని తోసిపుచ్చారు, కొందరు పాతదాన్ని పూర్తిగా వదిలేశారు. జోన్స్ రెంటినీ కలుపుకున్నారు, ఆ కలయికలో అతుకు కనిపించదు. 1952 డిసెంబరులో పార్కర్, కెర్న్ స్వరపరచిన 'ద సాంగ్ ఈజ్ యు' రికార్డు చేసినప్పుడు పియానో వద్ద ఉన్నది జోన్సే. ఉరకలెత్తే పార్కర్ సాక్సఫోన్ కింద ఆయన కార్డ్‌లు పొదుపుగా, సరిగ్గా అవసరమైన లెక్క మీద పడతాయి.

ఈ పనికి జాజ్ వాద్యకారుల పలుకుబడిలో 'కాంపింగ్' అని పేరు: మనోధర్మం చేస్తున్నవారికి కార్డ్‌లతో ఆసరా ఇవ్వడం, లయను కాస్త ముందుకు తోయడం, వారు శ్వాస తీసుకొనే చోట చిన్న పలుకు పలికి మళ్లీ తప్పుకోవడం. ఈ విద్యలో జోన్స్‌కు అసలైన గురుకులం 1948 నుంచి 1953 వరకు గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్‌కు పియానిస్టుగా గడిపిన కాలం. నార్మన్ గ్రాంజ్ నిర్వహించిన 'జాజ్ ఎట్ ద ఫిల్‌హార్మోనిక్' కచేరీ యాత్రలలో 1947లో చేరిన జోన్స్ అక్కడి నుంచి ఆమె బృందంలోకి వచ్చారు. గాయనికి తోడు వాయించే పియానిస్టుకు, సాక్సఫోన్‌కు తోడు వాయించేవాడికి లేని బాధ్యతలు కొన్ని ఉంటాయి. ఆమె గొంతుకు అనువైన శ్రుతిలో పాటను ఎత్తుకోవాలి కాబట్టి, ఏ పాటనైనా ఏ మెట్టు నుంచైనా తడుముకోకుండా వాయించగలగాలి. నాలుగు బార్ల ఎత్తుగడతోనే ఆమెకు శ్రుతి, నడక, పాట మనఃస్థితి మూడూ అందించాలి. ఆమె పాడే వరుసనే తానూ వాయించి ఆమెను కట్టిపడేయకూడదు, అలాగని ఆమెకు దిక్కు తెలియనంత దూరమూ పోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా సాహిత్యం తెలిసి ఉండాలి, ఎందుకంటే ఊపిరి ఎక్కడ తీసుకుంటారో, ఏ మాట మీద ఆగుతారో సాహిత్యమే చెబుతుంది. అర్థంలేని అక్షరాలతో గొంతును వాద్యంగా మార్చే 'స్కాట్' గానంలో ఫిట్జెరాల్డ్‌కు సాటి లేరు. కానీ విలంబంలో పాట పాడేటప్పుడు ఆమె రాసిన వరుసను ఎంత తక్కువ మార్చేవారో గమనిస్తే, ఆ పక్కన ఐదేళ్లు కూర్చున్న పియానిస్టు ఏం నేర్చుకొని ఉంటారో ఊహించవచ్చు. పాటను మార్చవలసిన చోట్లు చాలా తక్కువని, ఆ కొద్ది చోట్లను కనిపెట్టడమే కళ అని.

ఇక్కడ ఒక విషయం నమోదు చేయక తప్పదు. 1950లో ఫిట్జెరాల్డ్ కేవలం పియానో తోడుతో గెర్ష్విన్ పాటల రికార్డు చేసినప్పుడు, కచేరీలలో ఆమె పియానిస్టు జోన్స్ అయినప్పటికీ, ఆ రికార్డులో వాయించినవారు ఎల్లిస్ లార్కిన్స్. లార్కిన్స్ వాదన నిస్సందేహంగా అద్భుతమైనది. అయితే జోన్స్ జీవితంలో ఇటువంటివి మళ్లీ మళ్లీ తారసపడతాయి: పని ఆయనది, ముద్ర మరొకరిది. 1962 మే 19న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మార్లిన్ మన్రో అధ్యక్షుడు కెన్నెడీకి పుట్టినరోజు శుభాకాంక్షలు పాడినప్పుడు పియానో వాయించినదీ జోన్సే. ఆ కొద్ది క్షణాలను ప్రపంచమంతా చూసింది, పియానో దగ్గర ఎవరున్నారని అడిగినవారు తక్కువ.

1950ల నడుమ సవాయ్ సంస్థకు ఆయన తన పేరు మీద కొన్ని రికార్డులు చేశారు. వాటిలో 1956లో ఒంటరిగా వాయించిన 'హ్యావ్ యు మెట్ హ్యాంక్ జోన్స్' పేరే రాడ్జర్స్, గీతరచయిత హార్ట్ జంట 1937లో రచించిన 'హ్యావ్ యు మెట్ మిస్ జోన్స్' అనే స్టాండర్డ్ మీద చమత్కారం. ఆ దశాబ్దంలో ఆయన వాదన ఎక్కువమంది చెవికి చేరింది మాత్రం 1958 మార్చిలో సాక్సఫోన్ వాద్యకారుడు కానన్‌బాల్ ఆడర్లీ పేరు మీద బ్లూ నోట్ సంస్థ రికార్డు చేసిన 'సమ్‌థిన్ ఎల్స్' ద్వారా. మైల్స్ డేవిస్ ట్రంపెట్, ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్, శామ్ జోన్స్ డబుల్ బేస్ వాయించిన ఆ బృందంలో నలుగురూ గట్టి వ్యక్తిత్వం గలవారు. అందులోని 'ఆటమ్ లీవ్స్' పుట్టుకతో ఫ్రెంచి పాట. జోసెఫ్ కోస్మా వరుసకు జాక్ ప్రెవేర్ రాసిన సాహిత్యం స్థానంలో జానీ మెర్సర్ ఇంగ్లీషు మాటలు చేర్చాక అది అమెరికా స్టాండర్డ్ అయింది. పది నిమిషాలకు మించి సాగే ఈ వాదనలో డేవిస్ స్వరాల మధ్య వదిలే మౌనాన్ని జోన్స్ పూడ్చరు. తనకు వంతు వచ్చినప్పుడు కూడా తక్కువ స్వరాలతో, పాట నీడ ఎప్పుడూ వెన్నంటి ఉండేటట్టు వాయిస్తారు. డేవిస్ పొదుపు గురించి ఎన్నో పుటలు రాసినవారు, అదే రికార్డులో ఆ పొదుపును అర్థం చేసుకొని కాపాడిన పియానో గురించి ఒక పేరా అయినా రాయవలసింది.

1959లో జోన్స్ సి.బి.ఎస్. ప్రసార సంస్థలో జీతానికి పియానిస్టుగా చేరి 1970ల నడుమ వరకు అక్కడే పనిచేశారు. ఎడ్ సలివాన్ కార్యక్రమం వంటి వాటిలో ఎవరు పాడినా, ఏ శైలిలో పాడినా, కాగితం మీద ఉన్నది చూసి అప్పటికప్పుడు వాయించడం ఆ ఉద్యోగం. నల్లజాతి వాద్యకారులకు ఇటువంటి ఉద్యోగాల తలుపులు అంతకుముందు దాదాపు మూసే ఉండేవి. జాజ్ చరిత్రకారులు ఈ కాలాన్ని సాధారణంగా రెండు వాక్యాలలో దాటేస్తారు, కొందరు దీన్ని వృథా అయిన కాలమని కూడా భావిస్తారు. ఈ భావన న్యాయమైనది కాదు. 1960లలో రాక్ సంగీతం యువ శ్రోతలను తనవైపు లాక్కోగా క్లబ్బులు మూతపడుతుంటే, కొందరు జాజ్ వాద్యకారులు ఐరోపాకు వెళ్లిపోయారు. జోన్స్‌కు ఇంటి దగ్గరే నెల జీతం దొరికింది, చెయ్యి తుప్పు పట్టలేదు. పైగా ఆ ఏళ్లలోనూ ఆయన ఇతర రికార్డులలో వాయించారు, 1965లో తమ్ముడు థాడ్, డ్రమ్స్ వాద్యకారుడు మెల్ లూయిస్ కలిసి నెలకొల్పిన పెద్ద వాద్యబృందానికి తొలి పియానిస్టుగానూ ఉన్నారు. కళాకారుడు ఆకలితో ఉంటేనే కళ పండుతుందన్న నమ్మకాన్ని ఎందరి జీవితాలో చెదరగొట్టాయి, వాటిలో జోన్స్ జీవితమూ ఒకటి.

యాభై ఎనిమిదేళ్ల వయసులో, సాధారణంగా వాద్యకారులు తగ్గుముఖం పట్టే దశలో, ఆయన ముందుకు వచ్చారు. 1976లో బేస్ వాద్యకారుడు రాన్ కార్టర్, డ్రమ్స్ వాద్యకారుడు టోనీ విలియమ్స్‌లతో ఏర్పడిన 'గ్రేట్ జాజ్ ట్రియో'కు ముఖ్యంగా జపానులో గొప్ప ఆదరణ లభించింది. డేవిస్ బృందంలో పదిహేడేళ్ల వయసులోనే సంచలనం సృష్టించిన విలియమ్స్ వాయించే తుపాను వంటి లయకు జోన్స్ గొంతు పెంచి బదులు చెప్పలేదు. తన స్వరాలను ఇంకా స్పష్టంగా, ఇంకా దూరదూరంగా పేర్చి, ఆ తుపానులోనే చోటు చేసుకున్నారు. 1970ల చివర ఫ్యాట్స్ వాలర్ సంగీతం ఆధారంగా వచ్చిన 'ఎయింట్ మిస్‌బిహేవిన్' బ్రాడ్వే నాటకానికి పియానిస్టుగా, నిర్వాహకుడిగా పనిచేయడంతో, చిన్నతనంలో నేర్చిన స్ట్రైడ్ పద్ధతి మళ్లీ వెలుగులోకి వచ్చింది. తనలాగే డెట్రాయిట్ పరిసరాల నుంచి వచ్చిన పియానిస్టు టామీ ఫ్లానగన్‌తో 1978లో చేసిన జంట పియానో రికార్డు 'అవర్ డిలైట్స్' వింటే, ఒకే బడి విద్య గల ఇద్దరి సంభాషణ అది అని తెలుస్తుంది. ఫ్లానగన్ కూడా ఫిట్జెరాల్డ్‌కు ఏళ్ల తరబడి తోడు వాయించినవారే కావడం ఇక్కడ యాదృచ్ఛికం అనిపించదు.

జోన్స్ శైలిని పరీక్షించడానికి అనువైన రికార్డు 1991లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, మేబెక్ రిసైటల్ హాల్ అనే చిన్న మందిరంలో కొద్దిమంది శ్రోతల ముందు ఒంటరిగా చేసిన కచేరీ. బేస్ లేదు, డ్రమ్స్ లేదు, దాచుకోవడానికి చోటు లేదు. పాట వరుసను ఆయన మొదట దాదాపు రాసినట్టే వినిపిస్తారు. మార్పంతా అడుగున జరుగుతుంది. వరుసలో ఒక స్వరం రెండు లెక్కలు నిలిస్తే, ఆ రెండు లెక్కల లోపల ఎడమచెయ్యి కార్డ్‌ను రెండు మూడు సార్లు మారుస్తుంది, పైన నిలిచిన స్వరం కదలకుండానే దాని రంగు మారుతుంది. మనోధర్మంలోకి వెళ్లాక కూడా వాక్యాలు గాయని ఊపిరి పొడవునే ఉంటాయి, బ్రిడ్జ్ దగ్గర పాట అసలు వరుస ఒకసారి తొంగిచూస్తుంది. సాహిత్యం తెలిసిన శ్రోతకు ఆ మాటలు ఎక్కడ పడతాయో చెవిలో వినిపిస్తూనే ఉంటాయి. నెరవల్‌తో ముందు చెప్పిన పోలిక ఇక్కడ నిజమవుతుంది: పియానోకు గొంతు లేకపోయినా, జోన్స్ చేతిలో లంగరు మళ్లీ మాట దగ్గరికే చేరుతుంది. దీనిలో సాహసం లేదన్న విమర్శకు ఆధారం లేకపోలేదు. కాల్‌ట్రేన్ బృందంలో తమ్ముడు ఎల్విన్ తొక్కిన దారులను అన్న తొక్కలేదు. కానీ నిలిచిన స్వరం కింద రంగు మార్చడం కూడా సాహసమే, అది నిశ్శబ్దంగా జరిగింది కనుక లెక్కలోకి రాలేదు.

ఇదే చెవి ఆయనను ఊహించని చోట్లకూ నడిపించింది. 1995లో వెలువడిన 'సరళ' రికార్డులో ఆయన మాలి దేశపు వాద్యకారుడు చెక్ తిజాన్ సెక్ బృందంతో కలిసి వాయించారు. స్టాండర్డ్‌ల కార్డ్‌ల చట్రం అక్కడ లేదు, చక్రంలా తిరిగే లయ ఉంది, డెబ్బై ఆరేళ్ల జోన్స్ ఆ లయలో పక్కవాద్యకారుడిగానే ప్రవేశించారు, విని, కొద్దిగా పలికి, చోటు ఇచ్చారు. గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి: 1989లో జాజ్ మాస్టర్ పురస్కారం, 2008లో అమెరికా జాతీయ కళా పతకం, 2009లో జీవిత సాఫల్యానికి గ్రామీ పురస్కారం. చివరి రెండూ వచ్చేనాటికి ఇద్దరు తమ్ముళ్లూ లేరు.

బేస్ వాద్యకారుడు చార్లీ హేడెన్‌తో కలిసి ఆయన చేయగా 1995లోనే వెలువడిన 'స్టీల్ అవే' స్టాండర్డ్‌ల రికార్డు కాదు. నల్లజాతి బానిసల కాలం నుంచి వస్తున్న స్పిరిచువల్ గీతాలు, చర్చి కీర్తనలు, జానపద గీతాలు అందులో ఉన్నాయి. బ్రాడ్వే పాటల కంటే పాతవైన ఈ గీతాలు డీకన్ ఇంట్లో పెరిగిన జోన్స్‌కు తొలి సంగీతం. వాటిలో ఆయన చేసినది చాలా తక్కువ: వరుసను ముట్టుకోలేదు, వేగం పెంచలేదు, చరణం తిరిగి వచ్చిన ప్రతిసారీ అడుగున ఒకటి రెండు కార్డ్‌లు మార్చారు. 2010 ఆరంభంలో, తొంభై ఒకటేళ్ల వయసులో, ఆయన హేడెన్‌తో మళ్లీ స్టూడియోలో కూర్చొని అదే కోవలో మరికొన్ని గీతాలు వాయించారు. ఆ ఏడాది మే 16న న్యూయార్క్‌లో మరణించారు. 'కమ్ సండే' పేరుతో ఆ రికార్డు 2012లో వెలువడింది. అందులో పియానో, సమావేశమైన భక్తులు పాడుతుంటే వారికి శ్రుతి అందిస్తున్నట్టుగా, వినబడని గొంతులకు చోటు వదులుతూ సాగుతుంది.